కాన్పులు: సున్న

డండీలో ఈ పొగమంచుని హార్ అంటారు.
సముద్రం మీంచి లేచి
టే నది మీది రైలు వంతెనని సగానికి మింగి
పొద్దున్నే మా ల్యాబ్ కిటికీకి ముఖం ఆనించి నిలబడుతుంది,
లోపలేముందో తనకీ చూడాలన్నట్టు.

లోపల చీకటి. చీకట్లోనే నా పని.
గాజుపలక మీద ఒక ముసలావిడ మెడలోంచి తీసిన
ఉల్లిపొరకన్నా పల్చటి ముక్క.
పేరు లేదు, అంకె ఉంది.
వయసు డెబ్బై ఒకటి. థైరాయిడ్ వాపు.
కాన్పులు: సున్న.
గర్భస్రావాలు: సున్న.
ఆ సున్నల్ని ఎవరో బాల్ పెన్నుతో
గుండ్రంగా, శ్రద్ధగా చుట్టారు.

రంగు పట్టించి చూస్తే
ఆడ కణానికి రెండు ఎర్రచుక్కలు,
మగ కణానికి ఒక ఎరుపు, ఒక పచ్చ.
కళ్ళంలో ఆరబోసిన పండుమిరపలా అంతా ఎరుపే,
ఎరుపే, ఎరుపే,
ఏరేవాళ్ళ కన్నుగప్పిన పచ్చికాయలా
అక్కడొకటి.
కాస్త పక్కన మరొకటి.

ఐల్సాని పిలిచాను.
టీ కప్పు బయటే పెట్టి వచ్చి, మైక్రోస్కోప్ మీద వంగి
చాలాసేపు ఏమీ అనలేదు.
తర్వాత మెల్లగా "వీ మ్యాన్" అంది.
ఇక్కడ చంటివాణ్ణి అలాగే పిలుస్తారు.

ఎవడు వాడు?
నెల తప్పిందని ఆమెకి తెలియకముందే జారిపోయినవాడా?
తెలిసీ, పద్దెనిమిదేళ్ళప్పుడెప్పుడో,
ఆమె ఎవరికీ చెప్పనివాడా?
అసలు కొడుకే కాకపోవచ్చు.
అదే గర్భంలో ఆమెకన్నా ముందు కాపురమున్న అన్న,
తల్లిలో మిగిలి, తల్లి నుంచి చెల్లెల్లోకి
ఇల్లు మారినవాడు కావచ్చు.
ఎప్పుడో ఎక్కించిన రక్తమూ కావచ్చు.
రిపోర్టులో అన్నీ రాస్తాం. ఏదీ తేల్చం.

తల్లికీ బిడ్డకీ నడుమ గోడని మా భాషలో
మాయ అంటారని ఐల్సాకి చెప్పాను.
ఆ మాటకున్న రెండో అర్థం చెప్పలేదు.
గోడేమిటి, తడిక.
సందుల్లోంచి నెలల తరబడి
ఇటువాళ్ళు అటూ, అటువాళ్ళు ఇటూ,
కూర గిన్నెలు చేరేసుకునే ఇరుగుపొరుగులా.
మంత్రసాని తెంచింది పేగునే.
దాటినవాళ్ళని ఎవరూ వెనక్కి పిలవలేదు.

వచ్చి ఏం చేస్తారు?
దెబ్బతిన్న గుండెకి మాసిక వేస్తారని కొందరు.
వీళ్ళ మూలంగానే ఒళ్ళు తన మీద తనే
కత్తి దూస్తుందని కొందరు.
మంట దగ్గర దొరికారు, సరే.
నీళ్ళబిందెతో వచ్చారో
అగ్గిపెట్టెతో వచ్చారో!

నా మెడలోనూ ఆ మంటే.
రోజూ పరగడుపున ఒక తెల్లబిళ్ళ,
తర్వాత అరగంట, కాఫీ కోసం గడియారం వంక చూడటం.
మేదిని పుట్టిన ఏడాదికి మొదలైంది.
నా ముక్క కూడా పెట్టి చూద్దామా అన్నాను, వేళాకోళంగా.
"నీకు కూతురు కదా, కనపడదు" అంది ఐల్సా.

నిజమే. ఈ పరీక్ష పట్టేది పచ్చచుక్కనే.
కూతురి ఎరుపు తల్లి ఎరుపులో కలిసిపోతుంది.
విడదీసే పరీక్షలు వేరే ఉన్నాయి, ఖర్చెక్కువ.
కొడుకులైతే లెక్కకి సులువు.
ఎక్కడో విన్నట్టే ఉంది ఈ మాట.

సాయంత్రం ఇంటికెళ్ళేసరికి
మెట్ల మీద మేదిని, తడిబూట్లతో, ఫోన్లో తలదూర్చి.
నిన్నటి గొడవ ఇంకా చల్లారలేదు.
"నా విషయాల్లోకి రాకమ్మా" అంది, తలెత్తకుండానే.

రాకుండా ఎలా?
నేను వచ్చి పదిహేనేళ్ళు దాటింది.
నీ ఏ ఎముక మూల చాప పరుచుకుని ఉన్నానో
నాకే తెలీదు.
నువ్వు నా గొంతులో ఉన్నావు,
మాసిక వేస్తున్నావో, మంట పెడుతున్నావో.

ఇవేవీ అనలేదు.
మెడ మీద చెయ్యి వేసుకుని ఒక్కసారి గుటక మింగి
"బూట్లు విప్పు" అన్నాను.

చాలాసేపటికి
ఒకటి విప్పింది.