ఆపిన అయిదు

నల్లగొండ విద్యాశాఖ ఆఫీసుల
మూడో బల్ల కాడ ఖాజా సాబ్
ఫారం నా దిక్కు తిప్పిండు.
ఏడో గడి: అంతర్జాతీయ స్థాయిలో విజయాలు.
"చెప్పుండ్రి సార్, ఎన్ని గెలిచిన్రు?"

పద్దెనిమిదేండ్ల లోపు ఆడపిల్లల రగ్బీ, దేశం జెర్సీ.
పన్నెండు మందిల
దేవరకొండ అవతల గుట్టల నడిమి తండా పిల్ల ఒకతి,
కేతావత్ సంతోషి, మా బడి.
ఆడినవి అయిదు.
సున్నా – నలభైమూడు.
అయిదు – ముప్పైఎనిమిది.
సున్నా – ఇరవైతొమ్మిది.
ఏడు – పన్నెండు.
ఆఖరుది పది – పది, సమం.
సాబ్ పెన్ను మూత తీసిండు,
మల్ల పెట్టిండు.

నేను కబడ్డీ మనిషిని.
ఆ బంతి మొదటిసారి బడికి తెచ్చిన్నాడు
పిల్లలు నన్ను చూసి నవ్విన్రు:
"హాస్టల్ల వారానికి మూడు గుడ్లు సార్,
ఇది నాలుగోది, ఉడకలే."
రూలు చదివితే నాకే నమ్మబుద్ధి కాలే.
ఉరికేది ముందటికి,
బంతి ఇచ్చేది మాత్రం ఎనకకే.
సంతోషికి ఒక్కసారి చెప్తే సమజైంది.
"మా అమ్మోళ్ళు పత్తి ఏరుతరు గద సార్,
కాళ్ళు ముందటికి,
చేయి ఎనకకు, నడుముకు కట్టిన సంచిలకు.
గంతే గదా."

ఆ ఎండకాలం గ్రౌండుల రాళ్ళేరినం.
పలుగురాళ్ళు, సీసపెంకులు, ఎద్దు నాడె ఒకటి.
తట్టలు లెక్కపెట్టిన, నూటపద్నాలుగు.
అది ఏ గడిల పట్టదు.

పాస్‌పోర్టుకు పుట్టిన తేది కావాలన్నరు.
బడి రిజిస్టర్ల అందరు పిల్లల లెక్కనే జూన్ ఒకటి.
తల్లి శానసేపు ఆలోచించింది.
మూడో బోరు వేసిన రాత్రి, అన్నది.
పొద్దంత దుమ్మే లేచింది, సుక్క నీళ్ళు రాలే,
నాకు నొప్పులు లేచినయి.
ట్రంకుపెట్టెల నుంచి బోరు బండోని రసీదు తీసింది.
అప్పు తీరలే కాబట్టి రసీదు ఉంది,
రసీదు ఉంది కాబట్టి
పిల్లకు పుట్టినరోజు దొరికింది.

"నాలుగు ఓడిన్రు, ఒకటి సమం," సాబ్ అన్నడు,
"పాల్గొన్నది, అని రాద్దామా?"

అప్పుడు రెండో ఆట చెప్పిన.
ఫోనుల చూసిందే,
సిగ్నల్ పోయుకుంట, బొమ్మ ఆగుకుంట.
ఆఖరి నిమిషం.
అవతలి పిల్ల ఆరడుగులుంటది,
అందర్ని దాటేసింది, ముందట ఉత్త గడ్డి.
మనోళ్ళు నడుస్తున్నరు.
అయిపోయిన ఆట, ఇంకో అయిదైతే ఏంది.
సంతోషి ఒక్కతే ఉరికింది.
చెంప ఆ పిల్ల తొడకు ఆనించి
రెండు చేతులు మోకాళ్ళకు చుట్టి,
తాడు తెంపుకున్న దూడను పట్టినట్టు.
గీతకు మూరెడు దూరంల
ఇద్దరు పడ్డరు.

"ముప్పైఎనిమిది నలభైమూడు కాలే సాబ్.
ఆ అయిదు యాడ రాయాలె?"

ఖాజా సాబ్ ఫ్యాను దిక్కు చూసిండు.
"ఎట్ల పట్టింది?" అనడిగిండు.
నేను వంగి
స్టీలు బీరువను పట్టి చూపించిన.
పింఛను కాయితాల కోసం నిలబడ్డ
రిటైర్డు టీచరమ్మ సంచి కింద పెట్టి
"తల ఏ పక్కకు ఉండాలె?" అన్నది.
మల్లొకసారి చూపించిన.
అటెండరు చాయ పట్టుకొని అట్లనే నిలబడ్డడు.

ఏడో గడిల ఏం రాసిండో
నాకు కనపడనియ్యలే.
చేయి అడ్డం పెట్టి రాసిండు,
పరీక్షల్ల పక్కపిల్లకు చూపనోని తీరు.
ముద్ర రెండుసార్లు కొట్టిండు,
మొదటిది సరిగ పడలే.

పత్తి ఏరే కాలం.
ఇయాల సంతోషి గ్రౌండుకు వస్తదో రాదో.
బస్టాండుల కండక్టరు నన్ను ఎగాదిగ చూసి
"సార్, చెంపకు తుప్పు అంటింది," అన్నడు.
"అంటనీ అన్నా.
దేవరకొండ ఒకటి కొట్టు."