ఆగిన బంతి

మౌలాలిలో, ఫ్యాన్లు బిగించే షెడ్డు మీద రెండో అంతస్తులో
మూడు వారాలుగా ఒక బంతిని ముక్కలు చేస్తున్నాను,
తెర మీదే.
నలభై వేల త్రికోణాలు.
ప్లాస్టిక్ పెంకు మందం రెండు మిల్లీమీటర్ల చిల్లర,
కడుపులో ఇనుప గోళీలు పది.
ఏ గోళీ ఎప్పుడు ఏ గోడకి తగులుతుందో
సెకనుని పదివేల ముక్కలు చేసి అడుగుతాను.
రాత్రి లెక్కకి పెట్టి ఇంటికి పోతే
పొద్దున్నకి ఒక వంకర గీత తయారుగా ఉంటుంది:
ఇంకా పుట్టని బంతి
ఇంకా ఎత్తని బ్యాటుకి తగిలిన చప్పుడు.

హెడ్‌ఫోన్లలో విన్నాను.
టక్ కాదు, ఠప్ కాదు.
పోపులడబ్బా మూత చేయి జారి
గచ్చు మీద ఒక్కసారి పడి, ఇంకోసారి పడబోయి
మానుకున్నట్టుంది.

అచ్చు పోసింది చర్లపల్లిలో వీరాచారి.
ఆదివారం, మలక్‌పేటలో గ్రౌండు.
గోడ అవతల ఎంఎంటీఎస్ పోయేదాకా
ఆట ఆపుకుని నిలబడ్డారు అందరూ.
బండి చప్పుడులో బంతి మునిగిపోతుంది కదా!
కీపర్ ఇలియాస్ నా బంతి తీసుకుని
చెవి దగ్గర ఊపాడు, కొబ్బరికాయ బేరం చేసేవాడిలా.
"లోపట గోళీ ఒకటి తక్కువేసిన్రా సార్?"
పదే వేయమన్నానయ్యా, అన్నాను.
మళ్లీ ఊపాడు.
"తొమ్మిది."

కోసి చూడాలంటే ఉన్నది ఒక్కటే బంతి.
ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని, పది కొట్టేసి
తొమ్మిది వేశాను.
బౌలర్ కేకేసి నేల మీద జార్చాడు,
స్వీప్‌కి వంగిన బ్యాటు తగిలింది.
మైకు గీసిన గీత పోయి
నా గీత మీద కూచుంది, వేలు మీద ఉంగరంలా.
ఎగిరి గంతేద్దామనుకున్నాను.

బంతి గలగలమంటూ బౌండరీ దాకా దొర్లి
గడ్డిలో ఆగింది.
ఆగగానే లేకుండా పోయింది.

కొంచెం చూపున్న వాళ్లెవరూ ఆ రోజు రాలేదు.
ముగ్గురు మోకాళ్ల మీద కూలబడి
అరచేతులతో గడ్డిని దువ్వుతున్నారు.
ఒక పరుగు, రెండు,
మూడోదానికి బ్యాటరు చప్పట్లు కొట్టుకుంటూ పిలుస్తున్నాడు.
నాకు కనిపిస్తోంది బంతి, సున్నం ముద్దలా,
నర్సింలు చిటికెనవేలికి జానెడు అవతల.
అతని చెయ్యి అటే వచ్చి, వెనక్కి మళ్లింది.
నేను నోరు తెరవక ముందే
నా ఊపిరి విని ఇలియాస్ తల తిప్పాడు.
"చెప్పకున్రి సార్. అది ఆటల లేదు."

ఓవరు అయ్యాక నీళ్ల సీసా అందుకుంటూ అన్నాడు:
"కొడితే ఎట్ల మోగుతదో కంప్యూటర్ మంచిగ చెప్పింది.
ఊకున్నప్పుడు ఏమంటదో అడుగున్రి."
ఎగతాళో, పనో తెలియలేదు.

సోమవారం వేగం గడిలో సున్నా వేసి నొక్కాను.
రాత్రంతా అక్కర్లేదు దానికి,
రెప్పపాటులో ఇచ్చింది, నిటారు అడ్డగీత.
హెడ్‌ఫోన్లు పెట్టుకుని అదే విన్నాను.
కింద షెడ్డులో ఫ్యాన్లని పరీక్షకి తిప్పుతున్నారు.
అంతకు మించి ఏమీ లేదు.
ఇంకోసారి పెట్టాను.

ఫోన్ మోగింది. వీరాచారి.
"ట్రేలో గోళీ ఒకటి మిగిలిపోయింది సార్,
పారెయ్యమంటారా?"
ఉంచు, అన్నాను.