ఉప్పు నేను చూస్తాను

ఓచివరోంగో దాటాక దారి పక్కన
ఒక పిల్లాడు పుట్టగొడుగును నిజంగా గొడుగులాగే పట్టుకుని నిలబడ్డాడు.
మొన్నటి వానకి చెదల పుట్ట మీద మొలిచిందట,
వాడి తలకన్నా పెద్దది.
కవెజెరి, పేరు అడిగితే చెప్పాడు. ధర మాత్రం అడగకుండానే చెప్పాడు.
హెస్కియేల్ బండి దిగి
దాన్ని ముక్కు దగ్గరికి తీసుకున్నాడు, అలవాటు చావక.
తర్వాత నాకందించాడు.
"తడిమన్ను," అన్నాను. "కొంచెం కోడి ఈక."
తల ఊపాడు,
పాత స్నేహితుడి క్షేమం విన్నట్టు.

రెండేళ్లయింది ఆ జ్వరం వచ్చి.
పోతూ పోతూ ఇంట్లో వాసనలన్నీ మూటగట్టుకు పోయింది.
వాల్విస్ బే నుంచి విండ్‌హుక్‌కి
ఇరవై ఆరేళ్లు చేపల లారీ తోలిన మనిషి.
ఎన్ని ఉతుకులు ఉతికినా పోని చొక్కా కంపు గురించి
మేం పడని తగవు లేదు.
ఇప్పుడు ఆ కంపైనా ఒక్కసారి తగిలితే బాగుండునంటాడు.

స్పిట్స్‌కొప్పే దాకా కంకర రోడ్డు.
కారవాన్‌లో గిన్నెలు ఒకదాన్నొకటి తిట్టుకున్నాయి.
రెండు గుడ్లు పగిలాయి.
సీసాలో మీగడ మాత్రం దిగేసరికి వెన్నయి కూర్చుంది,
దారే కవ్వమై.
గ్యాసు అయిపోయిందని అప్పుడు తెలిసింది.
మంచిదే అన్నాడు. గ్యాసు మంట మరీ మొహమాటస్తురాలట,
తుమ్మ నిప్పుకున్నంత నోరు దానికి లేదట.

ఎర్ర బండల కింద, గాలి మళ్లే చోట
మూడు కాళ్ల ఇనప కుండ.
అడుగున వెన్న, దాని మీద మేక మాంసం,
ఉల్లి, క్యారెట్, బంగాళాదుంప,
అన్నిటికీ పైన కవెజెరి గొడుగు, ముక్కలు ముక్కలుగా.
మూత పెట్టాక కలపకూడదు. మా అత్తగారి చట్టం.
గరిటె పెట్టిన కోడలికి
ఆవిడ మూడు రోజులు మాట పెట్టలేదు.
ఆ కోడలు నేనే.

మనుషులు రుచి చూస్తారు, వాసన చూస్తారు, ఉప్పు చూస్తారు.
అతనికి ఆ చూపు పోయింది.
వంటని వినడం నేర్చుకున్నాడు.
చెక్క గరిటె ఒక కొస మూత మీద, రెండో కొస చెవిలో.
వెనక లారీ ఇంజన్ రోగం కనిపెట్టిందీ
ఇలాగే, స్క్రూడ్రైవర్‌తో.
గుళుక్ గుళుక్‌మంటే నీళ్లు ఎక్కువ.
బుడబుడలాడితే నిప్పు లాగాలి.
బురదలో కప్ప నడిచినట్టు తపక్ తపక్‌మంటే
ఇంకో పావుగంట.
"మేక ఇంకా అలిగే ఉంది," అంటాడు ఉన్నట్టుండి,
నేను నవ్వుతాను.

ఆ రాత్రి గాలి తిరిగింది.
బండల సందుల్లో ఈల,
కారవాన్ రేకు దడదడ.
అతని చెవి గరిటెకి ఇంకా గట్టిగా అతుక్కుంది.
అంతలో నాకు వచ్చింది, సన్నగా,
అడుగంటుతున్న వాసన.

చెప్పాలి.
నోరు తెరిచాను కూడా.
మంట వెలుగులో కళ్లు మూసుకుని, పెదవులు కదుపుతూ
ఏదో లెక్కపెడుతున్నాడు.
మాంసం మాడితే మాడనీ అనుకున్నాను.
ఎంతసేపో తెలీదు.
"లిస్బెత్, కుండ మూగబోయింది!"
ఒక్క ఊపున దించేశాడు, చెయ్యి కాలినా చూసుకోలేదు.

ఉప్పు నేను చూశాను. తక్కువైంది, వేశాను.
పుట్టగొడుగు వెన్న తాగి మెత్తబడింది.
మేక అలక తీరింది.
అడుగు మాత్రం నల్లగా, పెచ్చులుగా.
అది నాకే, అని గీకబోతే
కంచం ముందుకు తోశాడు, సగం పెట్టమని.

ఇద్దరం నమిలాం. కరకరా.
అతను నమలడం ఆపి, నా దవడకేసి చెవి ఒగ్గి విని,
మళ్లీ నమిలాడు.
"చప్పుడు బాగుంది," అన్నాడు.

కుండని ఇసకతో తోముతున్నాను.
లోపల్నుంచి గరిటె కావాలని కేక.
రేపటి జావకి ఇప్పట్నుంచే.