ధర కట్టని ముత్యం

ఎండ నేరుగా పడని దక్షిణపు కిటికీ దగ్గర
తెల్లగుడ్డ పరిచి ముత్యాలు ఏరడం
బ్రూమ్ రేవులో ముప్పై ఏళ్లుగా నా పని.
వేలితో ఒక్కసారి దొర్లిస్తే చాలు,
దాచుకున్న గుంట బయటపడుతుంది.

ఆ రోజు ఆల్బీ కోర్కిల్ పడవ దిగొచ్చి
ఉప్పు పట్టిన టోపీ బల్లమీద పడేసి టీ అడిగాడు.
వెలుగులోకి వంగినప్పుడు చూశాను:
ఎడమకంటి కింది రెప్ప అంచున
కందిగింజంత బుడిపె.
గట్టు లేచి, నడుమ పల్లమై,
సన్నటి ఎర్ర నరాలు పాకి,
అచ్చం నా బల్లమీది సరుకు మెరుపు.

"కంటికురుపులే. చలికాలం నుంచీ ఉంది,
వేడి టీ పొట్లం పెడుతున్నా."
కురుపైతే సలపాలి కదా?
సలపదట. పెచ్చు కడుతుంది, రాలుతుంది,
తువ్వాలుకో నెత్తుటి చుక్క, మళ్లీ మామూలే.
భూతద్దం తీశాను. "ధర కడతావా?" అని నవ్వాడు.
బుడిపె ఉన్నంత మేరా
ఒక్క వెంట్రుకా లేదు.
నాకు నవ్వు రాలేదు.

టోపీ ఆపేది పైనుంచి దిగే ఎండనే.
నీళ్లమీంచి ఎగిరొచ్చే ఎండ
నలభై ఏళ్లుగా ఆ కింది రెప్పనే వెతుక్కుంది.

ముక్క తీసి పరీక్షకు పంపారు. క్యాన్సరే.
"ఊళ్లు తిరిగే రకం కాదు, ఉన్నచోటే తవ్వే రకం,"
అంది పెర్త్‌లో డాక్టర్ స్టావ్రో.
"వదిలేస్తే కంటిగూట్లోకి దిగుతుంది."

ఒక పొర కోయడం, మైక్రోస్కోప్ కింద అంచులు చూడడం,
మిగిలిన మూలలోనే మరో పొర.
మా దగ్గరా పాడైన ముత్యం పైపొర ఒలుస్తారు,
కింద మంచిదేదో ఉంటుందన్న ఆశతో.
అక్కడ ఆశ తిరగబడింది:
కింద ఏమీ ఉండకూడదు.
మూడో పొరకి ఏమీ లేదు.

పై రెప్ప లోపలి పొరని కిందికి దించి కుట్టి
చెవి వెనక చర్మం కప్పారు.
ఆరువారాలు ఆ కన్ను తలుపు తీయలేదు.
వాళ్లావిడ మోలీ పడవ తాళాలు దాచేసింది.
నా దగ్గర కూర్చుని పెంకులు కడిగేవాడు,
దూరం అందక కప్పు పక్కన టీ పోసేవాడు,
నన్నే తిట్టేవాడు.

కుట్టు విడదీశారు.
కొత్త రెప్పకి వెంట్రుకల్లేవు, గాలికి నీరు కారుతుంది.
డాక్టరు చూసి పంపినా
నేనూ ఓసారి కిటికీ వైపు తిప్పి చూస్తాను.
కుడికన్ను కూడా.
"నల్లద్దాలేవిరా?"
పడవలో మర్చిపోయాడట.