ఇరవై మూడో నంబరు

గుంటూరు మిర్చియార్డు ఆఫీసు, రాత్రి తొమ్మిదిన్నర.
ఒక్కో కంప్యూటర్నీ పింగ్ చేస్తున్నాను.
పదకొండు: ఉన్నా.
పన్నెండు: ఉన్నా.
మిల్లీసెకను కూడా పట్టలేదు,
పేరు పూర్తికాకముందే చెయ్యెత్తే పిల్లల్లా.

ఇరవై మూడు పలకలేదు.
నాలుగుసార్లు తట్టాను.
నాలుగుసార్లూ తెరమీద అదే మాట: గడువు దాటింది.

చచ్చిందనుకుని లేవబోతూ
ఏఆర్‌పీ పట్టిక చూశాను.
"ఈ అడ్రసు ఎవరిది?" అని వీధిలో కేకేస్తే
"నాదే" అనేసి, మళ్ళీ
ఫైర్‌వాల్ గడియ పెట్టుకుంది.

ముక్కుకి రుమాలు కట్టుకుని
టిక్కీల సందులోంచి వెళ్ళాను.
కాటా గదిలో లైటు. మస్తాన్‌బీ,
మధ్యాహ్నం నుంచి నాతో మాట్లాడని మనిషి,
తేజా రకం తూకాలు ఎక్కిస్తోంది.

పిలిచాను. తలెత్తలేదు.
మళ్ళీ పిలిచాను.

తుమ్మింది.