మైకు లేని రోజు

మైకు సెట్టోన్ని నేను.
ఇరవై రెండేండ్ల సంది
ఏ జెండా వొస్తే ఆ జెండా మాటే నా బోంగాల్ల నుంచి.
పెండ్లికి పాటలు, సావుకు తత్వాలు,
ఓట్లప్పుడు మీ అమూల్యమైన ఓటు అనుకుంట ఆటోల తిరుగుడు.
నా సొంత మాట ఒక్కటే:
హలో, మైక్ టెస్టింగ్, ఒకటి, రెండు, మూడు.

మూడు తర్వాత ఏం చెప్పాల్నో ఎన్నడు ఆలోచించలే.

సున్నపుబట్టి గల్లీల
రేషన్ షాపు షట్టర్ మీద లిస్టు అతికిచ్చిన్రు.
నలభై ఒక్క పేర్లు కొట్టేసిన్రు.
కొందరి ముంగట "ఊర్ల లేరు",
కొందరి ముంగట "మరణించినారు".
మరణించిన మన్నెమ్మ
ఆ కాయితం కిందనే కూసోని
మిరపకాయల తొడిమెలు తీస్తున్నది.
"నేనెప్పుడు సచ్చిన్నో జర తారీకు సూడు బిడ్డా,
దినాలకు వంట జేస్కుంట."
నవ్వినం.
తర్వాత శానసేపు ఎవ్వలం ఏం మాట్లాడలే.

రాత్రి కుర్మయ్య ఇస్త్రీ డబ్బ కాడ కూడినం.
సోమ్లి సుద్దముక్కతోని బల్ల మీద తొవ్వ గీసింది.
ఈడ మోరి తవ్విన్రు, ముసలోల్లు పడతరు, పక్కకెల్లి పోవాలె.
ఈడ నమాజు టైముకు సప్పుడు లేకుంట దాటాలె.
క్లాక్ టవర్ కాడ బండ్లు జోరుంటయి,
పిల్లల్ని నడిమి వరుసల వెట్టాలె.
ఖాజాబీ తెల్ల దుప్పటి సగానికి చింపింది.
ఎనిమిదో తరగతి పొల్ల రంగుతోని రాసింది:
ప్రజాసామ్యం.
"వ మర్సిపోయినవే" అన్నడు కుర్మయ్య.
"ఉండనీయి, ఉన్నది గట్లనే ఉన్నది గద" అన్నడు ఆశన్న.
తెలుగు రాని ఖాజాబీ
అక్షరం ఎట్లుంటదో అరచేతిల గీయించుకొని
స కింద ఎర్ర దారంతోని చిన్న వ కుట్టింది.

ఆ రాత్రి తొమ్మిది మందిమే.
"ఒక్క దినం కూలి ఆరు నూర్లు,
పోతె ఎవరిస్తరు?" అని అడిగిండు ఆశన్న.
ఎవ్వల తాన జవాబు లేదు.
తెల్లారి అందరికంటె ముంగట వొచ్చినోడు ఆయననే.

ఠాణల కాయితం ఇస్తే
మీరు నడుసుండ్రి, మైకు నడవదన్నరు.
అందరు నా దిక్కు సూసిన్రు.
బ్యాటరీ వైరు పీకి
బోంగాలు ఇంట్ల బియ్యం సంచుల పక్కన బోర్లిచ్చి వొచ్చిన.
ఉత్త చేతులతోని ఎట్ల నడవాల్నో
కొద్దిసేపు అర్థం గాలే.

మున్సిపల్ ఆఫీసు గేటు కాడికి వొచ్చేసరికి
నూటముప్పై మందిమి.
పేర్లు సదువుమని కాయితం నాకే ఇచ్చిన్రు.
నా గొంతు ఇంత సన్నగుంటదని
నాకే తెల్వదు.

మన్నెమ్మ.
ఉన్న.
ఫక్రుద్దీన్.
ఉన్న.
జమ్ములమ్మ.
సంకల పిల్లగాన్ని సదురుకుంట, ఉన్న.
కర్రెన్న.
ఆయన పెండ్లాం ఫోన్ పైకెత్తి పట్టింది,
భీవండిల సిమెంటు మిషిను మోతల్నుంచి
ఉన్న, ఉన్న, ఇనవడుతుందా?

ఇరవై ఏడో పేరు బుచ్చన్న.
ఎవ్వరు పలకలే.
మల్ల పిలిచిన.
ఎన్క నుంచి ఆయన తమ్ముడు:
"మా అన్న నిజంగనే లేడు. మొన్న ఎండకాలం పోయిండు."
పక్కన ఎవరో గునిగిన్రు,
ఉన్నడనుండ్రి, లెక్కకు వొస్తడు.

మన్నెమ్మ నా చేతిల పెన్ను గుంజుకున్నది.
"వాల్ల లిస్టుల ఉన్నది సాలు అబద్ధం" అన్నది.
సదువు రాని చెయ్యి, వంకర గీత.
గీసి, ఆ పేరు మీద
జరసేపు ఏలు పెట్టి ఉంచింది.

గేటు లోపల వాచ్‌మెన్ కుర్సీల నుంచి లేశి నిలవడ్డడు.
తాళంచెవి ఆయన తాన లేదంట.
నేను గొంతు సదురుకొని
ఇరవై ఎనిమిదో పేరు పిలిచిన.