మళ్ళీ చెప్పు

రాత్రి తొమ్మిదయ్యేసరికి
ఎదువీనా చిగ్వాయ్ చేతులు తుడుచుకుంటుంది.
బంగాళదుంపల మట్టి గోళ్ళలో ఇంకా ఉండగానే
లారీ బ్యాటరీకి తీగలు తగిలిస్తుంది.
రేడియో ముందు దగ్గుతుంది, తర్వాతే వెలుగుతుంది.

చిలీ దేశం దక్షిణాన
తునకలై సముద్రంలోకి రాలిపోయిన చోట మా దీవులు.
ఒక్కోదానికీ నాలుగు కప్పులు, ఒక పడవ, బోలెడు వాన.
ఎదుటి దీవి వాళ్ళ ముఖం ఏడాదికోసారి చూస్తాం,
గొంతు మాత్రం రోజూ వింటాం.
ఎవరికి జలుబు చేసిందో
వాళ్ళు తుమ్మకముందే మాకు తెలుస్తుంది.

కొత్త గొంతు వచ్చిన రాత్రి
గొర్రెల ధర ఆగుతుంది, గాలివాన కబురూ ఆగుతుంది.
"ఎవరు నాయనా? పేరు చెప్పు."
చెబుతాడు. గాలి సగం మింగేస్తుంది.
"మళ్ళీ చెప్పు."
చెబుతాడు.
"ఇంకోసారి. నా చెవి పాతది, నీ పేరు కొత్తది,
రెండింటికీ పొత్తు కుదరాలి."
మూడోసారి ఆ పేరుని నోట్లో తిప్పుకుని
ఉప్పు సరిపోయిందేమో చూసి
తిరిగి అతనికే అందించింది: విల్నేర్.
హైతీ నుంచి వచ్చి ఆల్చిప్పల తెప్పకి కాపలా కాస్తున్న కుర్రాడు.
అప్పటిదాకా ఒకరు విల్సన్ అన్నారు, ఒకరు విలియం అన్నారు,
మేస్త్రీ ఏయ్ అన్నాడు.

ఆపైన ప్రశ్నలు.
పడుకునేచోట తడుందా?
పొయ్యిలోకి పచ్చికట్టె ఇచ్చారా? తేపూ కట్టె అడుగు, తెల్లార్లూ నిలుస్తుంది.
కిటికీ ఎటువైపు?
తూర్పుకా? అయితే నా దీపం కనబడాలి. ఉండు.
ఆర్పింది. వెలిగించింది. ఆర్పింది.
అవతల చాలాసేపు గరగర.
"కనబడింది."

నేను ఆవిడ చెల్లెలి కొడుకుని, లెక్కల మనిషిని.
పెద్దమ్మా, బ్యాటరీ తాగేస్తున్నావు,
మంచి స్వాగతం ఒకటి రాసిస్తాను,
ఎవరొచ్చినా అదే చదువు, అరనిమిషంలో అయిపోతుంది అన్నాను.
రాసిచ్చాను కూడా. బావుంది. నాకిప్పటికీ బావుంది.
ఆవిడ నాలుగు మడతలు పెట్టి బల్లకాలి కింద దోపింది.
బల్ల ఊగడం మానేసింది.
"అందరికీ కలిపి పెట్టిన దండం
ఎవరి గుమ్మమూ ఎక్కదురా."

జూలై చలిలో, ఉత్తరపుగాలి రేకులు లేపుతున్న రాత్రి
ఎవరో మీట నొక్కారు. మాట లేదు.
టక్. కాసేపాగి, టక్.
సెట్టు పాడైందన్నాడు తన దీవి నుంచి రిగొబెర్తో.
ఎలకలన్నాను నేను.
ఎదువీనా కుర్చీ దగ్గరికి లాక్కుంది.
"అవునంటే ఒకటి, కాదంటే రెండు. కొత్తగా వచ్చావా?"
టక్.
"ఒంటరిగానా?"
టక్.
"ఆపదేమైనా?"
టక్ టక్.
"మాట్లాడబుద్ధి కాదా?"
టక్.
"సరే. మా దగ్గర మాటలు మిగిలిపోతున్నాయి, వాడుకో."

ఆ టక్‌కి దీవులన్నిటినీ పేరుపేరునా పరిచయం చేసింది.
ఎవరి పడవ కారుతుంది, ఎవరు అప్పు తీర్చరు,
పొగబెట్టిన చేప ఎవరింట్లో దొరుకుతుంది,
అర్ధరాత్రి ఏడుపొస్తే ఎవరిని లేపాలి
(నన్ను. నన్నడక్కుండానే చెప్పేసింది).
బ్యాటరీ చచ్చింది. మర్నాడు నేనే మోశాను,
ఇరవై కిలోలు, బురదలో, మిల్లు దాకా,
తిట్టుకుంటూ.

పదహారు రాత్రులు టక్ వచ్చింది.
పదిహేడో రాత్రి పెద్దమ్మకి జ్వరం, మైకు ముందు నేను.
ఏం అడగాలో ఒక్కటీ తోచలేదు.
బల్లకాలి కింద కాగితం గుర్తొచ్చింది,
తీస్తే బల్ల ఊగుతుంది.
"ఉన్నావా?"
టక్.
"ఆవిడకి ఒంట్లో బాలేదు. నాకేమో ఇది సరిగ్గా రాదు."
వాన. వాన.
నొక్కిన మీట, ఎంతకీ వదలని మీట.
అప్పుడు ఒక ఆడగొంతు,
చాన్నాళ్ళకి తీసిన గడియలా కిర్రుమని:
"నీ పేరు చెప్పు."
చెప్పాను.
"మళ్ళీ చెప్పు."